కోట పక్కన మా స్థలం, ఇల్లు కట్టుకోవచ్చా?

ప్రశ్న: సార్, సిద్ధవటం కోటకు దగ్గర్లో మా నాయన ఇచ్చిన పది సెంట్ల స్థలం ఉండాది. అంతా గడ్డి, చింతచెట్లు. ఇల్లు కడదామని పునాది తీస్తాంటే పాత పెంకులు, అక్షరాలు చెక్కిన బండ ఒకటి బయటపడినాయి. పంచాయతీ ప్లాన్ ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా అని ఒకాయన డబ్బులు అడగతాండాడు. ఇచ్చేదా?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దండి, తవ్వకం ఈరోజే ఆపేయండి. ఆ కోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, పంచాయతీ ప్లాన్ ఒక్కటే సరిపోదు. పాత కట్టడాల రక్షణ కోసం ఉన్న 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం అస్సలు కుదరదు, ఎవరు సంతకం పెట్టినా కుదరదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా పర్మిషన్‌తో కట్టుకోవచ్చు. చాలామంది గోడ నుంచి టేపు పట్టి కొలుస్తారు, కొలవాల్సింది శాఖ మ్యాపులో ఉన్న హద్దు నుంచి, గోడ మీకు దూరంగా కనిపించినా హద్దు మీ గట్టు దాకా వచ్చి ఉండొచ్చు. కాబట్టి ఎఫ్‌ఎంబీ స్కెచ్ (మీ సర్వే నంబరు కొలతల పటం) తీసుకుని సర్వేయర్‌తో ముందు ఆ దూరం తేల్చుకోండి.

ఆ 200 మీటర్ల మేరలో, అంటే రెగ్యులేటెడ్ ఏరియాలో పడితే కాంపిటెంట్ అథారిటీకి (ఈ పర్మిషన్లు చూసే అధికారికి) అప్లై చేయాలి, వాళ్ళు 15 రోజుల్లో ఢిల్లీలోని జాతీయ స్మారక ప్రాధికార సంస్థకు పంపాలి, అక్కడ రెండు నెలలు, తిరిగొచ్చాక ఆర్డర్‌కి ఇంకో నెల, చట్టంలో రాసిన గడువులివి. పర్మిషన్ లేకుండా కడితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

చింతచెట్లు అన్నారు కాబట్టి అడంగల్ (గ్రామ భూమి రికార్డు), 22ఎ లిస్టు (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) కూడా చూసుకోండి. రికార్డుల్లో అడవి అని ఉంటే 1980 అటవీ చట్టం వస్తుంది, కేంద్రం ఒప్పుకోకుండా అక్కడ ఇల్లు లేదు.

ఇక ఆ బండ. దయచేసి దాన్ని కదపొద్దు, వైర్ బ్రష్‌తో రుద్దొద్దు, నూనె పూయొద్దు, అక్షరాలు పోతాయి. తెలుగులో మొదటి శాసనంగా చెప్పే కలమళ్ళ శాసనం, క్రీ.శ. 575 నాటిది, మన జిల్లాలోనే ఎర్రగుంట్ల దగ్గర గుడి ఆవరణలో ఒక రాతి మీద ఉన్నదే కదా, మీ బండ మీద ఏముందో చదివేవాళ్ళు చదివితేనే తెలుస్తుంది. దొరికిన చోటే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, తహసీల్దార్‌కి, పురావస్తు శాఖకి రాతపూర్వకంగా చెప్పండి. నాణేలు, నగల్లాంటివి కూడా దొరికితే భూమిలో దొరికే నిధుల గురించిన 1878 చట్టం ప్రకారం కలెక్టర్‌కి తెలపాలి, పది రూపాయల విలువ దాటితే చాలు. మీరిచ్చిన కాగితం మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకుని దాచుకోండి, రేపు ఎవరైనా వచ్చి దాచిపెట్టారని అంటే అదే మీకు ఆధారం.