మీ అత్తగారి ముత్తాతను వెతకాలంటే

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెయిల్ చూసి నవ్వుకున్నాను. మన ముత్తాత పేరేంటని అడిగితే బిక్కమొహం వేసేదానివి, ఇప్పుడు మీ అమెరికన్ అత్తగారి ముత్తాత ఎవరో ఎలా వెతకాలని అడుగుతూ రాత్రి రెండింటిదాకా కంప్యూటర్ ముందు కూర్చుంటున్నావా! మంచిదే. ఇక్కడ ఒహాయోలో మా ఊరి లైబ్రరీ పాత రికార్డుల గదిలో పదకొండేళ్లు వాలంటీరుగా కూర్చున్నదాన్ని కదా, నాకు తోచింది రాస్తున్నాను.

ముందు ఆ నెట్‌లో దొరికిన వంశవృక్షాన్ని పక్కన పెట్టు. ఒకరు రాశారు, ఇరవైమంది కాపీ కొట్టారు, అంతే. నువ్వు పంపిన దాంట్లో ఆయన పుట్టేనాటికి వాళ్లమ్మకు తొమ్మిదేళ్లు. ఎవరూ లెక్క చూడలేదు.

నువ్వు పంపిన 1880 సెన్సస్ (జనాభా లెక్కల) పేజీ మాత్రం బంగారం. ముత్తాతగారిది నెబ్రాస్కాలో కాపురం. పెద్ద కొడుకుకి 23, పుట్టింది ఒహాయోలో. తర్వాత పిల్లకి 19, పిల్లవాడికి 17, ఇద్దరూ ఇండియానాలో పుట్టారు. చివరివాడు, అంటే మీ అత్తగారి తాత, తొమ్మిదేళ్లవాడు, అయోవాలో పుట్టాడు. ఇంకేం కావాలి? పిల్లలు పుట్టిన చోట్లు వరసగా రాసుకుంటే వాళ్ల బండి నడిచిన దారి వచ్చేస్తుంది. 1857కీ 1861కీ మధ్య ఒహాయో వదిలారు. 1871 నాటికి అయోవా చేరారు. ఆ తర్వాతే నెబ్రాస్కా. పక్క గడులు కూడా చూడు, 1880లోనే మొదటిసారి ప్రతి మనిషి తల్లీ తండ్రీ ఎక్కడ పుట్టారో అడిగారు. ముత్తాతగారి తండ్రి పుట్టింది ఒహాయోకి తూర్పున ఉన్న పెన్సిల్వేనియాలో అని ఉంది. అంటే ఈ పడమటి ప్రయాణం ఈయనతో మొదలైంది కాకపోవచ్చు.

ఇప్పుడు 17 ఏళ్లవాడికీ తొమ్మిదేళ్లవాడికీ మధ్య ఎనిమిదేళ్ల ఖాళీ ఉంది, చూశావా? ఆ రోజుల్లో రెండు మూడేళ్లకొక కాన్పు. బిడ్డలు పోయి ఉండొచ్చు. లేదా 1863 తర్వాత ఆయన సివిల్ వార్‌కు, అంటే అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధానికి, వెళ్లి ఉండొచ్చు. ముందు యుద్ధం సంగతి తేల్చు. 1890 సెన్సస్ వాషింగ్టన్‌లో 1921 జనవరి మంటల్లో కొంత, ఆ తర్వాత పారేయడంతో మిగతాది, దాదాపు అంతా పోయింది కానీ, 1890లోనే ఉత్తరాది మాజీ సైనికులనూ వాళ్ల వితంతువులనూ విడిగా రాసుకున్న జాబితాల్లో నెబ్రాస్కాది మిగిలింది. అందులో పేరుంటే మరుక్షణం ప్రభుత్వ పాత కాగితాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌కు పెన్షన్ ఫైలు కోసం రాయి. డబ్బు తీసుకుంటారు, తీసుకోనీ. వితంతు పెన్షన్ ఫైలయితే ఇంకా మంచిది. ఈ మనిషి భార్యను నేనేనని ఆ తల్లి ప్రభుత్వానికి రుజువు చూపించుకోవాలి. పెళ్లి ఎక్కడైంది, ఎవరు చేశారు, పిల్లలు ఎప్పుడు పుట్టారు, కాన్పుకు ఎవరున్నారు, అన్నీ ప్రమాణం చేసి చెప్పించేవారు. కొందరు బైబిల్లో పుట్టుకలు రాసుకున్న పేజీని చించి మరీ పంపారు.

పాత సెన్సస్‌ల వైపు వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. 1850కి ముందు ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు, మిగతావాళ్లంతా వయసుల గడుల్లో అంకెలే. కాబట్టి ఈయన చిన్నతనం 1840లో వెతికితే ఒక గడిలో '1' అని కనిపిస్తుంది, ఏడవకు. పేరు స్పెల్లింగ్ కూడా పట్టుకుని వేలాడకు. లెక్కలు రాసేవాడు చెవికి వినిపించినట్టు రాసుకుపోయేవాడు. మన ఇంటిపేరు మీ నాన్న పాస్‌పోర్టులో ఒకలా, నాదాంట్లో ఒకలా లేదూ?

స్పెల్లింగ్ కంటే పెద్ద ప్రమాదం ఒకే పేరున్న ఇద్దరు మనుషులు. నేనొకసారి స్నేహితురాలి కోసం రెండేళ్లు ఒకాయన వెంటపడ్డాను. ఒకే కౌంటీ (మన జిల్లాలాంటిది), ఒకే పేరు, వయసులో ఏడాది తేడా. తాత పేరు మనవళ్లందరికీ పెట్టే అలవాటు మనకే ఉందనుకున్నాను! చివరికి భూమి అమ్మిన దస్తావేజులు తీస్తే ఒకదాంట్లో భార్య పేరు మేరీ, ఇంకోదాంట్లో హానా. భార్యకు ఆస్తిలో హక్కుండేది కాబట్టి అమ్మకానికి ఆవిడ ఒప్పుకున్నట్టు కూడా రాయించేవారు. నేను పట్టుకున్నది పినతండ్రి కొడుకుని. అందుకే చెబుతున్నా, ఆడవాళ్ల పేర్లు వదలకు.

దస్తావేజులంటే గుర్తొచ్చింది, కౌంటీ ఆఫీసుకు రాసే ముందు ఆ కౌంటీ ఎప్పుడు ఏర్పడిందో చూసుకో. మనకు 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రలో జిల్లాలు విడగొట్టినట్టు అక్కడా విడగొడుతూ పోయారు. మనిషి కదలకపోయినా కౌంటీ మారుతుంది, పాత కాగితాలు మాత్రం చాలావరకు పాత కౌంటీలోనే ఉంటాయి.

నెబ్రాస్కాలో భూమి ఎలా వచ్చిందో కూడా తేల్చాలి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల ప్రభుత్వ భూమి తీసుకుని, ఐదేళ్లు ఉండి సాగు చేస్తే పట్టా ఇచ్చేవారు. పట్టా ల్యాండ్ మేనేజ్‌మెంట్ బ్యూరో సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది చూసి సరిపెట్టుకోకు, దాని వెనక ఉన్న ఫైలు తెప్పించు. ఇల్లు ఎన్ని అడుగులు, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నారు, ఇంట్లో ఎంతమంది, ఇవన్నీ అందులో ఉంటాయి. సైన్యంలో చేసిన కాలాన్ని ఆ ఐదేళ్లలో కలుపుకోనిస్తూ 1872లో ఇంకో చట్టం వచ్చింది. ఫైలులో ఆ లెక్క కనిపిస్తే ఎనిమిదేళ్ల ఖాళీకి జవాబు అక్కడే దొరకొచ్చు. ఆ నేల అంతకుముందు ఎవరిదో కూడా చూడు. మధ్య నెబ్రాస్కా అయితే పానీ అనే ఆదివాసీ జనానిది, వాళ్లను 1870లలో అక్కణ్ణుంచి దక్షిణాన ఇండియన్ టెరిటరీకి (ఇప్పటి ఒక్లహోమాకి) తరలించేశారు. అత్తగారి కోసం పుస్తకం కుడతానన్నావు కదా, అందులో ఆ మాట కూడా ఉండాలి.

ఆ భూమి ఫైలులో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి, ఈయన అక్కడే ఉండి సాగు చేశాడని చెప్పిన సాక్షుల పేర్లు. మా అమ్మమ్మవాళ్లు గుంటూరు వైపు నుంచి తుంగభద్ర కాలువ కిందికి వెళ్లినప్పుడు ఒంటరిగా వెళ్లారా? బావమరుదులు, వియ్యంకులు, పక్కచేను వాళ్లు, ఊరంతా కలిసి క్యాంపు పెట్టుకున్నారు. వీళ్లూ అంతే. నెబ్రాస్కాలో ఈయనకు సాక్ష్యం పలికినవాడి పేరు అయోవా సెన్సస్‌లో రెండిళ్ల అవతల ఉందేమో, ఇండియానా పెళ్లి రిజిస్టర్లో ఉందేమో చూడు. ఈయన జాడ తెగిపోయిన చోట వాళ్ల జాడ పట్టుకో. భార్య పుట్టింటి పేరు తెలియక కొట్టుకుంటున్నానన్నావు, ఆ సాక్షుల్లో ఒకడు ఆవిడ అన్నో తమ్ముడో అయితే నేనేం ఆశ్చర్యపోను.

1880లలో అచ్చయిన కౌంటీ చరిత్రల్లో ఈయన గురించి అరపేజీ ఉన్నా చదువు కానీ పొగడ్తలన్నీ నమ్మకు. ఆ పుస్తకాలు ఎక్కువగా చందా కట్టినవాళ్ల కోసం వేసినవే.

ఇవన్నీ తర్వాత. అత్తగారికి 80 దాటబోతున్నాయన్నావు కదా, ఈ ఆదివారం వెళ్లి ఆ అటక మీది పెట్టె దించించు. ఫోటోలు వెనక్కి తిప్పి, స్టూడియో పేరూ ఊరి పేరూ ఉంటే రాసుకో. ఆవిడ మాట్లాడుతుంటే ఫోన్లో రికార్డు చెయ్యి, మధ్యలో సరిదిద్దకు. అల్లుడుగారిని కూడా కూర్చోబెట్టు. సాక్షుల పేర్లు దొరగ్గానే నాకు పంపు, ఒహాయో వైపు నేను వెతుకుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ