బేస్‌మెంట్‌లో నీళ్లు చేరితే హోమ్ ఇన్సూరెన్స్ ఇస్తుందా? ముందు ఏం చేయాలి?

అమెరికా పాలసీల్లో నీళ్లు ఎన్ని వచ్చాయన్నది కాదు, ఎక్కణ్ణుంచి వచ్చాయన్నదే తేల్చేది. పైపు ఉన్నట్టుండి పగిలినా, వాటర్ హీటర్ ట్యాంకు చిట్లినా మామూలు హోమ్ ఓనర్స్ పాలసీ సాధారణంగా నష్టానికి డబ్బిస్తుంది. నెలల తరబడి గోడల్లోంచి ఊరిన చెమ్మకు ఇవ్వదు. వరదకు వేరే పాలసీ కావాలి. ప్రభుత్వ వరద బీమా పథకమైన ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ కొన్నాక అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు పడుతుంది, అదీ బేస్‌మెంట్‌లో ఫర్నెస్ (ఇంటిని వెచ్చబెట్టే యంత్రం), ఎలక్ట్రికల్ ప్యానెల్ లాంటివాటికే డబ్బిస్తుంది గానీ సోఫాలకు కాదు. చాలామంది దెబ్బతినేది ఇంకోచోట: డ్రైన్‌లోంచి నీళ్లు వెనక్కి ఎదురుతన్నినా, సంప్ పంపు (బేస్‌మెంట్‌లో చేరే నీటిని బయటికి తోడే పంపు) ఆగిపోయినా, వాటర్ బ్యాకప్ ఎండార్స్‌మెంట్ అనే అదనపు కవరేజీ పాలసీకి జతచేసి ఉంటేనే చెల్లిస్తారు. మీ పాలసీలో అది ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

కరెంటు ఆగే వరకు నీళ్లలో దిగొద్దు. ప్యానెల్ దగ్గరకు పొడికాళ్లతో వెళ్లలేకపోతే కరెంటు కంపెనీకి ఫోన్ చేయండి. పైపు పగిలితే మెయిన్ వాల్వ్ కట్టేయండి. గోడ మీద నీటి గీత కనిపించేలా ఫోటోలు తీశాక తోడటం మొదలుపెట్టండి. వరద నీరైతే మాత్రం ఒక్కసారిగా తోడేయకండి. బయటి తడి మట్టి ఒత్తిడికి గోడలు లోపలికి కూలే ప్రమాదం ఉంది.

అడ్జస్టర్ (నష్టాన్ని అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే మనిషి) వచ్చేదాకా ఆగకుండా ఆరబెట్టడం మొదలుపెట్టండి. 24–48 గంటల్లో బూజు మొదలవ్వొచ్చు, నష్టం పెరగనిచ్చారని క్లెయిమ్ తగ్గించవచ్చు కూడా. పగిలిన పైపు ముక్క, తడిసిన కార్పెట్ ముక్క, రసీదులు దాచండి.