లోకేశులు తెగిన తుది

సందేహం: అయ్యా, స్కాండినేవియా పురాణగాథల ఆధారంగా పిల్లల కోసం రాసిన ఒక డార్క్ ఫాంటసీ నవలల వరసలో ఆఖరి పుస్తకాన్ని మా పన్నెండేళ్ల అమ్మాయికి రోజూ రాత్రి తెలుగులో చెబుతున్నాను. అందులో దేవుళ్లందరూ చచ్చిపోయే 'రగ్నరోక్' వచ్చింది. నేను 'ప్రళయం' అన్నాను. మా నాన్నగారు 'యుగాంతం' అనాలన్నారు. పుస్తకం వెనక పట్టికలో 'దేవతల సంధ్య' అనే అర్థం ఇచ్చారు. ఏది ఒప్పు? ఆ కథకు 'అంతిమ ముగింపు' అని పేరు పెట్టవచ్చా? (ఒక పాఠకురాలు)

సమాధానం: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, త్వరగా తేలిపోతుంది. 'అంతిమ ముగింపు' వద్దు. అంతిమం కాని ముగింపు ఉంటుందా? 'గేటు ద్వారం', 'నడిసెంటరు' కోవకు చెందిన మాట ఇది. టీవీ వాళ్ల 'గ్రాండ్ ఫినాలే' చలవ. 'ఆఖరి భాగం' అంటే సరిపోతుంది.

ఇక సంధ్య. పాత ఐస్లాండ్ భాషలో 'రెగిన్' అంటే దేవతలు, 'రగ్న' దాని షష్ఠీ బహువచనం. 'రోక్' అంటే విధి, జరగవలసిన క్రమం, తుది. 'వొలుస్పా' అనే ప్రాచీన గీతంలో ఉన్నది ఈ రూపమే. వొలుస్పా అంటే సోదెమ్మ పలుకు. దేవతల రాజు ఓడిన్ అడిగితే ఒక సోదెమ్మ లోకం పుట్టుక నుంచి చివరి వరకు ఏకరువు పెడుతుంది. 'రొక్కర్' వేరే మాట, దానికి మునిమాపు అని అర్థం. 'లోకసెన్న' అనే మరో గీతంలో (ఆ 'లోక' మన లోకం కాదు, లోకి అనే కొంటె దేవుడి తిట్లపురాణం అది) ఒకచోట 'రగ్నరొక్కర్' అని ఉంది. 13వ శతాబ్దిలో ఈ గాథలను 'ఎడ్డా' అనే పుస్తకంగా రాసిన స్నోరి స్టుర్లుసన్ ఆ రూపాన్నే పట్టుకున్నాడు. ఇలా ఒక కకారం ఎక్కువై దేవతల విధి దేవతల సాయంత్రమైంది. 1876లో బైరాయిట్‌లో జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీత నాటకం ఆ పేరుతోనే రంగమెక్కేసరికి అదే లోకమంతా పాకింది. మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. తెలుగులో సంధ్య రెండు పూటలా వస్తుంది. 'దేవతల సంధ్య' అంటే మీ అమ్మాయి తెల్లవారిందనుకున్నా తప్పు పట్టలేం. అంతగా కావాలంటే 'మలిసంజ' అనాలి.

ప్రళయం. 'లీ' ధాతువు, కరిగి కలిసిపోవడం. ప్రలయం అన్నా తప్పు కాదు, తెలుగు నాలుకకు ళకారం ఇష్టం. నాలుగు రకాల ప్రళయాల్లో కథల్లోకి ఎక్కువగా వచ్చేది నైమిత్తికం. బ్రహ్మకు పగలు గడిచి, అంటే 432 కోట్ల సంవత్సరాలు గడిచి, నిద్ర ముంచుకొస్తే లోకాలు నీటిలో లీనమవుతాయి. అందులో యుద్ధం లేదు, పగ లేదు, ఓటమి లేదు. సత్యవ్రతుడు సప్తర్షులతో, ఓషధులతో ఓడెక్కి కూర్చుంటే చాలు. రగ్నరోక్ అలాంటిది కాదు. అక్కడ ఓడిన్‌ను ఫెన్రిర్ అనే తోడేలు మింగుతుంది. పిడుగుల దేవుడు థోర్ మహాసర్పాన్ని చంపి, దాని విషం తలకెక్కి, సరిగ్గా తొమ్మిది అడుగులు వేసి కూలిపోతాడు. ఇది లయం ఎలా అవుతుంది? నాలుగు చినుకులు పడి కాలనీలో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే 'ప్రళయం' అని రాసే రోజులొచ్చాయి కాబట్టి మీకు ఆ తేడా తట్టకపోవడంలో వింత లేదు.

మీ నాన్నగారి 'యుగాంతం'లో కొంత పస ఉంది. లోకం కూలే ముందు గొడ్డళ్ల కాలం, కత్తుల కాలం, గాలి కాలం, తోడేళ్ల కాలం వస్తాయంటుంది సోదెమ్మ. ఆ భాషలో లోకానికి 'వెరొల్ద్' అని పేరు. 'వెర్' అంటే మనిషి, మన వీర శబ్దానికి చుట్టం. 'ఒల్ద్' అంటే కాలం. మనకు లోకం కంటికి కనిపించేది, వాళ్లకు మనిషి బతికే కాలం. కాలం కూలడం యుగాంతమే కదా. కానీ మన యుగాలు లెక్క ప్రకారం మారతాయి, మారినా ఇంద్రుడు చావడు. ఓడిన్ కొలువుకు 540 వాకిళ్లు, ఒక్కో వాకిట 800 మంది వీరులు, గుణిస్తే 4,32,000, అంటే కలియుగ ప్రమాణం అని ఎవరైనా చెప్పితే మురిసిపోకండి. ఆ భాషలో పాత లెక్కన 'వంద' అంటే 120. అలా చూస్తే 540 కాస్తా 640, 800 కాస్తా 960 అవుతాయి; గుణిస్తే 6,14,400 వస్తుంది.

ఇంతకీ ఈ ఘట్టానికి మాట మన ఇంట్లోనే ఉంది. పోతన గజేంద్రుడి నోట పలికించాడు:

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగినఁ దుది నలోకంబగు పెం
జీఁకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్.

బడిలో కంఠతా పట్టిన పద్యమే, కానీ మూలం పక్కన పెట్టి చూడండి. వ్యాసుడు 'కాలేన పంచత్వమితేషు' అన్నాడు; కాలవశాన లోకాలూ, వాటి పాలకులూ, సర్వ కారణాలూ పంచభూతాల్లో కలిసిపోగా అని. పోతన కాలాన్ని తీసేశాడు. కారణాల స్థానంలో 'లోకస్థులు' అని మనలాంటి మామూలు వాళ్లను కూర్చోబెట్టాడు. 'గహనం గభీరం' అనే రెండు విశేషణాలతో ఉన్న చీకటిని ఒక్క 'పెంజీకటి'లో ఇమిడ్చాడు. అన్నిటికన్నా మించి, పంచత్వం పొందడాన్ని 'తెగు' అన్నాడు. లయించు, నశించు, సమయు ఇన్ని ఉండగా తెగు!

ఈ క్రియ చేసే పని చూడండి. తాడు తెగుతుంది, ఆయువు తెగుతుంది. బేరం తెగుతుంది, తగువు తెగుతుంది; అంటే తేలిపోతుంది. చావుకు సిద్ధపడి ముందుకు దూకితే తెగించడం, ఆ గుణం తెగువ. తెంపు అన్నా సాహసమే, అది మితిమీరినవాడు తెంపరి. తెగిపోవడం, తేలిపోవడం, తెగించడం, మూడర్థాలూ ఈ ఒక్క మూలంలోనే ఉన్నాయి. రగ్నరోక్ కథకు ఈ మూడూ కావాలి. ఫెన్రిర్‌ను రెండు ఇనుప సంకెళ్లు ఆపలేకపోతే మరుగుజ్జులు పట్టుదారం లాంటి తాడు గ్లైప్నిర్‌ను పేనారు. పిల్లి అడుగుల చప్పుడు, ఆడదాని గడ్డం, కొండ వేళ్లు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పిట్ట ఉమ్మి, ఈ ఆరూ దాని సరుకు. 'తాడు తెగుతుంది, తోడేలు పరుగెడుతుంది' అన్న మాట వొలుస్పాలో పల్లవిలా మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ తాడు తెగాక దేవతలు తెగుతారు. తెగుతామని సోదెమ్మ ముందే చెప్పినా తెగించి వెళతారు. 'ప్రళయం'లో ఈ తెగువకు చోటు లేదు.

'తుది' కూడా ఊరికే పడలేదు. చెట్టు అడుగు మొదలు, చెట్టు కొన తుద. ఆద్యంతాలకు తెలుగువాడు చెట్టును కొలబద్ద చేసుకున్నాడు. ఆ కథలో లోకాలన్నీ ఇగ్ద్రసిల్ అనే ఒక మహావృక్షాన్ని ఆనుకుని ఉంటాయి. చివరి రోజున వణికేది ఆ చెట్టే.

కాబట్టి కథ పేరుగా 'తెగిన తుది' బాగుంటుందని నాకు అనిపిస్తుంది. ఒక్క లోపముంది. పోతన పద్యంలో పెంజీకటికి అవతల వెలిగే ఆ ఒక్కడు తప్ప ఎవరూ మిగలరు. అక్కడ ఓడిన్ కొడుకులు విదార్, వాలి, థోర్ కొడుకులు మోది, మగ్ని మిగులుతారు, అంతకుముందే చచ్చిన ఓడిన్ మరో కొడుకు బాల్దర్ తిరిగి వస్తాడు. మీరు 'దేవుళ్లందరూ' అనడం పొరపాటు. పేరును మార్చకుండా రగ్నరోక్ అనే ఉంచినా నాకు అభ్యంతరం లేదు, రాగ్నరోక్ అని మొదటి అక్షరాన్ని సాగదీయకపోతే చాలు. మాటల మధ్య 'ప్రళయం' దొర్లితే దొర్లనివ్వండి.

మధ్యలో వేసవి లేకుండా వరసగా వచ్చే మూడు చలికాలాలను 'ఫింబుల్‌వెత్ర్' అంటారు. 'ఫింబుల్' మన 'పెను'కు సరిపోతుంది. పెంజీకటి దారిలో పెంజలి అనవచ్చు. అమ్మాయి నవ్వితే పెనుచలి అనండి.

ఆఖరి పుటల్లో సముద్రంలోంచి పచ్చటి నేల మళ్లీ పైకి తేలాక, మిగిలిన దేవతలకు గడ్డిలో పాత ఆట తాలూకు బంగారు బిళ్లలు దొరుకుతాయి. అవి బల్ల మీద నడిపేవి, కాబట్టి పావులు. పాచికలు అనకండి, పాచికలు వేసేవి.