ఐదేళ్ల బాబు చేతికి గేమ్ కంట్రోలర్, ఇంట్లో రోజూ గొడవ

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. బాబుకి ఐదున్నరేళ్లు, పాపకి మూడు. మా వారికి చిన్నప్పటి నుంచి వీడియో గేమ్స్ అంటే ప్రాణం. ఈ మధ్యే ప్లేస్టేషన్ 5 కొన్నారు. బాబుకి ఇప్పుడే నేర్పిస్తానంటున్నారు. నాకేమో భయం. తిరుపతిలో మా ఆడపడుచు కొడుకు పదో తరగతి చదువుతున్నాడు. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో గేమ్ ఆడతాడు, ఫోన్ తీసుకుంటే తలుపులు బాదుతాడు. అది చూసి కూడా వీడికి అంటిస్తారా అని నేను, నేను ఆడి పాడైపోయానా అని ఆయన. మా అత్తగారు గేమ్స్ వద్దే వద్దంటారు, కానీ అన్నం తినిపించేటప్పుడు ఆవిడే ఫోన్ ఇస్తారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ భయం ఊరికే పుట్టలేదు. అలాగని మీ వారి సరదా తప్పూ కాదు. మీ కళ్ల ముందు మేనల్లుడి ఫోన్ ఉంది, ఆయన కళ్ల ముందు తన వేసవి సెలవులు ఉన్నాయి. అందుకే ఎంత వాదించుకున్నా తెగడం లేదు.

ఆయన వయసు వాళ్లు ఎలా ఆడారో గుర్తు చేసుకోండి. టీవీకి తగిలించే గేమ్, అందులో పెట్టే క్యాసెట్, మేరియో, కాంట్రా. రెండు కంట్రోలర్ల చుట్టూ వీధిలో పిల్లలంతా. ఒకడు అవుటయితే ఇంకొకడి వంతు. 1985లో వచ్చిన సూపర్ మేరియో బ్రదర్స్‌కి ఒక ముగింపు ఉండేది. సీరియల్ టైమ్‌కి అమ్మ వస్తే కట్టేయాల్సిందే. ఇప్పుడు ఫోన్‌లో ఉచితంగా దొరికే ఆటల్లో చాలావాటికి ముగింపే ఉండదు. రోజూ వస్తే బహుమతి, ఒక్కరోజు మానితే అది పోతుంది, మధ్యమధ్యలో ప్రకటనలు, నాణేలు కొనుక్కోమని ఊరించడాలు. మనిషి లేవకుండా ఉండాలనే వాటిని అలా తయారుచేస్తారు. పెద్దవాళ్లకే ఆపడం కష్టమైనప్పుడు ఐదేళ్ల పిల్లవాడిని అనుకుని ఏం లాభం?

అందుకని నేను గట్టిగా చెప్పేది ఒకటే. బాబుకి గేమ్స్ పరిచయం చేయవచ్చు, కానీ ఫోన్‌లోనూ ట్యాబ్‌లోనూ వద్దు. హాల్లో టీవీ మీద, నాన్న పక్కన కూర్చుంటేనే ఆట. నాన్నకి ఆఫీసు కాల్ వస్తే ఆట ఆగిపోవాలి. "నువ్వు ఆడుతూ ఉండు, ఇప్పుడే వస్తా" అని ఒక్కసారి లేచి వెళ్తే వాడికి అదే అలవాటవుతుంది. కొన్నాళ్లకి, పిల్లవాడు గొడవ చేయకుండా కూర్చుంటున్నాడు కదా అని మీకూ ప్రాణం సుఖంగా ఉంటుంది. చాలా ఇళ్లలో చేయి జారేది అక్కడే.

ఎంతసేపు అని అడుగుతారు. భారతీయ పిల్లల వైద్యుల సంఘం రెండేళ్ల లోపు పిల్లలకి బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ తప్ప స్క్రీన్ వద్దంది. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి ఒక గంట మించకూడదు, ఐదు నుంచి పదేళ్ల వాళ్లకి రెండు గంటల లోపే ఉండాలంది. ఇది టీవీ, ఫోన్, గేమ్ అన్నీ కలిపి లెక్క. బడికి వెళ్లే రోజుల్లో గేమ్ అసలు పెట్టకండి. శని, ఆదివారాల్లో అరగంట చొప్పున చాలు. అది కూడా కింద అపార్ట్‌మెంట్ పిల్లలతో ఆడి వచ్చాకే. కబ్బన్ పార్కుకి వెళ్లిన రోజున దాన్ని గుర్తు చేయనే వద్దు. గేమ్‌ని బహుమతిగానూ శిక్షగానూ వాడకండి. హోంవర్క్ చేస్తే గేమ్ అన్నారంటే వాడి దృష్టిలో గేమ్ విలువ మీరే పెంచినట్టు.

ఏ ఆట అన్నది మీ వారికే బాగా తెలుస్తుంది, కానీ ఆయన తన కళ్లతో ఎంచుకుంటారు. ఐదేళ్ల చేతులకి కంట్రోలర్ మీదుండే రెండు పుల్లలూ ఒకేసారి తిప్పడం, అంటే ఒకదానితో నడుస్తూ రెండోదానితో చూపు తిప్పడం, చాలా కష్టం. పక్కనుంచి కనిపించే, ఎడమకీ కుడికీ మాత్రమే పరుగెత్తే ఆటతో మొదలుపెట్టడం మేలు. ప్లేస్టేషన్ 5తో పాటే ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే ఆట వస్తుంది. అది పక్కనుంచి మాత్రమే కనిపించే ఆట కాదు గానీ, అందులో పడిపోతే కాస్త వెనక నుంచి మళ్లీ మొదలవుతుంది. చూపు తిప్పే పని నాన్న చేస్తూ, కంట్రోలర్ చేతులు మార్చుకుంటూ ఆడవచ్చు. కాస్త పెద్దయ్యాక, దిమ్మలు పేర్చి కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ అనే ఆట పెడితే, క్రియేటివ్ మోడ్‌లో చచ్చిపోవడం అనే బెంగ లేకుండా ఇళ్లు కట్టుకుంటూ కూర్చోవచ్చు. ఆన్‌లైన్ మాత్రం ఆపేసి పెట్టండి.

డబ్బా మీద యూరప్ రేటింగ్ ఉంటే 3, 7, 12, 16, 18 అని అంకె కనిపిస్తుంది. అందులో ఉన్న విషయం ఏ వయసుకి తగినదో అది చెబుతుంది, ఆ వయసు పిల్లవాడు ఆడగలడా లేదా అన్నది చెప్పదు. ఫిఫా ఫుట్‌బాల్ ఆటలకి 3 అని వేశారు. మూడేళ్ల పిల్ల దాన్ని ఆడగలదా? కాబట్టి మీ వారు ముందు తాను ఆడి చూడాలి. నేరాలూ కాల్పులూ ఉండే జీటీఏ ఫైవ్ అనే ఆటకి 18 రేటింగ్ ఉంది. ఆయన అలాంటివి ఆడాలనుకుంటే పిల్లలు పడుకున్నాకే ఆడాలి, ఇందులో బేరం లేదు. బాబు పేరుతో విడిగా చైల్డ్ అకౌంట్ తెరిచి, ఖర్చు పరిమితి సున్నా పెట్టి, ఇతరులతో చాట్ మూసేయమనండి. పది నిమిషాల పని.

ఇక ఆపేటప్పుడు వచ్చే ఏడుపు. "ఇంకో ఐదు నిమిషాలు" అంటే ఆ వయసుకి అర్థం కాదు. "ఈ లెవెల్ అయిపోగానే ఆపేద్దాం" అంటే అర్థమవుతుంది, ఎందుకంటే అది వాడికి తెర మీద కనిపిస్తుంది. మధ్యలో స్విచ్ నొక్కేయకండి, కట్టుకున్న ఇసుక గూడు మీద నుంచి ఎవరో నడిచి వెళ్లినట్టు ఉంటుంది వాడికి. ఆపగానే చేయాల్సిన పని ఏదో సిద్ధంగా ఉంచండి, స్నానమో, టిఫినో. మొదట్లో రెండు మూడుసార్లు ఏడిస్తే కంగారుపడి వ్యసనం అనుకోకండి. ఎత్తుకోండి, కానీ ఇంకొక్కటి అంటూ బేరానికి మాత్రం దిగకండి. వారాల తరబడి అదే తంతు అయితే ఆరు నెలలు పక్కన పెట్టేయండి. ఆరేళ్లకి మొదలుపెడితే పోయేదేమీ లేదు.

ఓడిపోవడం వాడికి ముందు తెర బయటే అలవాటు కావాలి. ఇక్కడ మీ అత్తగారి సాయం అడగండి. వైకుంఠపాళి, అష్టాచెమ్మా ఆవిడ దగ్గర నేర్చుకోనివ్వండి. పాము మింగితే కిందికి దిగి, ఏడవకుండా మళ్లీ పాచిక వేయడం వచ్చిన పిల్లవాడికి గేమ్‌లో పడిపోవడం పెద్ద విషయం కాదు. అన్నం దగ్గర ఫోన్ సంగతి మీరు మాట్లాడకండి, ఆవిడ కొడుకే మాట్లాడాలి. నాకు మీ ఇంట్లో ప్లేస్టేషన్ కంటే ఎక్కువ దిగులు ఆ ఫోనే. తెర చూస్తూ తినే పిల్లలకి కడుపు నిండింది కూడా తెలియదు, ఒక వీడియో అయ్యాక ఇంకొకటి దానంతటదే వస్తుంది, పక్కన మాట్లాడే మనిషి ఉండదు. ఆవిడని తప్పుపట్టకండి, ఇద్దరు పిల్లలకి తినిపించడం ఆ వయసులో కష్టం. రాత్రి భోజనం మీరిద్దరిలో ఒకరు తీసుకుంటే ఆవిడ చేతిలో ఫోన్ దానంతటదే తగ్గుతుంది.

ఇంకో మంచి సంగతి ఉంది. బెంగళూరులో పెరిగే మన పిల్లలు లెఫ్ట్, రైట్, జంప్ తప్ప ఇంకో మాట ఎరగరు. ఆ అరగంటా నాన్న తెలుగులో ఆడించాలి. ఎగురు, వంగు, ఎడమ పక్కకి తిరుగు, అదిగో గొయ్యి! పాఠంలా చెబితే ఎక్కని మాటలు ఇలా ఎక్కేస్తాయి.

పాపకి ఇప్పుడు వద్దు. పనిచేయని కంట్రోలర్ ఇచ్చి మభ్యపెట్టడం కూడా వద్దు, తొందరగానే కనిపెట్టేస్తుంది. ఆ అరగంట ఆమెది మీతో, వేరే గదిలో.

ఈ నియమాలన్నీ పిల్లలు పడుకున్నాక మీరిద్దరూ కూర్చుని ఒప్పుకున్నాకే కంట్రోలర్ బయటికి తీయండి. వాడి ముందు ఒకరు వద్దని ఒకరు సరేనంటే, ఎవరిని అడగాలో వాడు వారంలో నేర్చుకుంటాడు.

మేనల్లుడిది వేరే సంగతి. నిద్ర, చదువు పాడైనా ఆపలేకపోతుంటే దాన్ని అల్లరి అని వదిలేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని తన వ్యాధుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. అతనిది అదా కాదా అన్నది డాక్టర్లు తేల్చాలి. మీ ఊళ్లోనే నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థలో 2014 నుంచి షట్ క్లినిక్ అని ఇందుకోసమే ఒక విభాగం నడుస్తోంది. పరీక్షల టెన్షన్ కూడా ఉన్న వయసు కాబట్టి, ఫోన్ పగలగొట్టడం లాంటివి చేయకుండా, సెలవులకి అతన్ని మీ ఇంటికి రమ్మని, అమ్మానాన్నలతో కలిసి ఒకసారి అక్కడికి తీసుకెళ్లమని మీ ఆడపడుచుకి చెప్పండి. ఆమెకి ఈ ఫోన్ మీ వారు చేస్తేనే బాగుంటుంది.