స్టెర్న్‌డ్రైవ్ బెలోస్, గింబల్ బేరింగ్ ఇంట్లో మార్చుకోవచ్చా?

"మా పాత బోటుకి మెర్క్రూజర్ ఆల్ఫా వన్ డ్రైవ్ ఉంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వెనక నుంచి గర్రుమంటోంది. షాపులో రెండు వేల డాలర్ల పైనే అడుగుతున్నారు. ఇంట్లో చేసుకునే పనేనా?" అని ఒకరు అడిగారు.

చేసుకునే పనే. నన్నడిగితే చేసుకుని తీరాలి. స్టెర్న్‌డ్రైవ్ అంటే ఇంజిన్ బోటు లోపల, ప్రొపెల్లర్‌ని తిప్పే డ్రైవ్ బోటు వెనక బయట ఉండే పద్ధతి. ఆ శబ్దం దాదాపు ఖాయంగా గింబల్ బేరింగ్‌దే, అంటే ఇంజిన్ నుంచి డ్రైవ్‌కి వెళ్లే షాఫ్ట్‌ని మోసే బేరింగ్‌ది. అది ఊరికే పోదండీ. డ్రైవ్ షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు బెలోస్ (మడతల గొట్టం) ఎక్కడో పగులుతుంది, నీళ్లు లోపలికి చేరతాయి, గ్రీజు కొట్టుకుపోతుంది, అప్పుడు బేరింగ్ తుప్పు పట్టి అరవడం మొదలుపెడుతుంది. ఒక్క బేరింగ్ మార్చి మిగతావి వదిలేస్తే వచ్చే వేసవికి మళ్లీ అదే కథ.

నేనుండేది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, లేక్ లానియర్ అనే సరస్సుకి దగ్గర్లో. మా బోటు సెకండ్ హ్యాండ్‌ది. అమ్మినాయన ఒక షాపు బిల్లు చూపించాడు, అందులో "బెలోస్ అన్నీ మార్చాం" అని రాసి ఉంది. అయినా మలుపు తిరిగితే గరగర. సరే, విప్పి చూద్దామని నేనూ మా బావమరిదీ కూర్చున్నాం.

డ్రైవ్ ఊడదీయడం మీరనుకున్నంత కష్టం కాదు. ఆల్ఫా అయితే గేరు ఫార్వర్డ్‌లో పెట్టాలి, బ్రావో (మెర్క్రూజర్‌దే ఇంకో రకం డ్రైవ్) అయితే న్యూట్రల్‌లో. డ్రైవ్‌ని పైకెత్తి దించే ట్రిమ్ సిలిండర్లు వెనక వైపు విప్పి, ఆరు నట్లు తీస్తే డ్రైవ్ వెనక్కి జారి వస్తుంది. బరువుంటుంది, ఇద్దరు కావాలి. డ్రైవ్ బిగించి ఉండే బెల్ హౌసింగ్‌ని పట్టుకునే హింజ్ పిన్నులు మాత్రం మొండివి. వాటికి ప్రత్యేకమైన టూల్ కొనండి, గ్యాస్ టార్చితో కాస్త వేడి చేయండి. మామూలు రెంచితో కుస్తీ పడితే పిన్ను తల అరిగిపోతుంది.

బెల్ హౌసింగ్ వెనక్కి లాగాక యూ-జాయింట్ బెలోస్ (డ్రైవ్ షాఫ్ట్ చుట్టూ ఉండేది) మెత్తగా, నల్లగా, కొత్తదానిలాగే కనిపించింది. "బావా, ఇది బానే ఉందిగా" అన్నాడు మావాడు. నేను నేలమీద వెల్లకిలా పడుకుని కింద నుంచి లైటు వేశాను. కిందుగా, గేరు మార్చే షిఫ్ట్ కేబుల్ చుట్టూ ఇంకో చిన్న బెలోస్ ఉంటుంది, బొటనవేలంత లావు. దాని మడతలన్నీ ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చాయి. వేలితో నొక్కితే రబ్బరు పెళుసుగా విరిగి చేతిలోకొచ్చింది. దాని క్లాంప్ స్క్రూ తుప్పు ముద్దై ఉంది. ఎన్నో ఏళ్లుగా దాన్నెవరూ ముట్టుకోలేదని చూస్తేనే తెలుస్తోంది. బేరింగ్ కూడా పాతదే. వేలు పెట్టి తిప్పితే ఇసుక నలిగినట్టు తగిలింది, ఎర్రటి నీళ్లు కారాయి. అంటే షాపువాళ్లు చేయి అందినది మార్చారు, అందనిది వదిలేశారు, బిల్లులో మాత్రం "అన్నీ" అని రాశారు.

ఇది చిన్న విషయం కాదు. 1959లో వోల్వో పెంటా ఆక్వామాటిక్ తెచ్చిన నాటి నుంచి ఈ రోజు దాకా స్టెర్న్‌డ్రైవ్ పద్ధతి ఒక్కటే: ఇంజిన్ లోపల, డ్రైవ్ బయట, మధ్యలో నీటిమట్టానికి దిగువన బోటుకి పెట్టిన కన్నాలు. వాటిలోంచి నీళ్లు రాకుండా ఆపేది ఈ రబ్బరే. ఆ చిన్న బెలోస్ చిరిగినా కేబుల్ వెంబడి నీళ్లు బోటులోకి వస్తాయి. డాక్ దగ్గర కట్టేసిన బోట్లు కట్టేసిన చోటే మునిగిపోయేది ఇలాగే.

మరి చేయి దూరని చోట క్లాంప్ ఎలా బిగించాలి? స్క్రూ తల ఎటు తిరిగి ఉందన్నదే ఈ పని మొత్తంలో అసలు కీలకం. బెల్ హౌసింగ్ తిరిగి పెట్టకముందే క్లాంప్‌ని బెలోస్ మీద వదులుగా తొడిగి, స్క్రూ తల కిందకి చూసేలా చిన్న టేపు ముక్కతో నిలబెట్టాను. హౌసింగ్ బిగించాక కింద పడుకుని, పావు అంగుళం రాట్చెట్‌కి వంగే ఎక్స్‌టెన్షన్ తగిలించి, 5/16 సాకెట్‌తో పట్టుకున్నాను. అక్కడున్న సందులో రాట్చెట్ ఒక విసురుకి రెండు మూడు క్లిక్కులే తిరుగుతుంది. భుజం కాంక్రీటుకి ఒరుసుకుంటుంది, మొహం మీద పాత గ్రీజు రాలుతుంది. కానీ బిగుస్తుంది. ఓపికున్న ఎవరైనా చేయగలరు.

డ్రైవ్ ఎంత పైకి లేచిందో చెప్పే ట్రిమ్ సెండర్ వైర్లదీ ఇదే గోల. బయటి నుంచి వచ్చి ఇంజిన్ వెనక్కి వెళ్తాయి, ఇంజిన్‌కీ ట్రాన్సమ్‌కీ (బోటు వెనక గోడకీ) మధ్య అరచేయి పట్టే చోటుండదు. పాత వైర్ల లోపలి కొసకి గట్టి దారం కట్టి బయటికి లాగి, అదే దారానికి కొత్తవి కట్టి లోపలికి లాగాలి. మా బావమరిది సన్నగా ఉంటాడు కాబట్టి ఇంజిన్ మీద టవల్ పరిచి బోర్లా పడుకున్నాడు. "బావా, వదులు... ఇంకొంచెం... ఆఁ, తగిలింది, లాగు" అని వాడు లోపల, నేను బయట.

కొత్త బేరింగ్ ముందురోజు రాత్రే కవరులో చుట్టి ఫ్రీజర్‌లో, కరివేపాకు పొట్లాల పక్కన పెట్టాం. చల్లబడి కాస్త కుంచించుకుంటే సుత్తి దెబ్బలు తగ్గుతాయి. పాతది లాగడానికి స్లైడ్ హ్యామర్, చివర్లో ఇంజిన్ అలైన్‌మెంట్ చూడటానికి బార్, రెండూ తప్పనిసరి. బార్ కొసకి గ్రీజు రాసి ఇంజిన్ వెనకుండే కప్లర్‌లోకి తోయండి. రెండు వేళ్లతో నెడితే వెళ్లాలి, బయటికి తీశాక గ్రీజు మీద గాట్లు చుట్టూ సమానంగా పడాలి. అలా లేకపోతే ముందున్న ఇంజిన్ మౌంట్లు సర్దండి. బార్ వాడకుండా డ్రైవ్ ఎక్కించేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

ఇంకో ఒళ్లుమంట, మా కమ్యూనిటీ అసోసియేషన్. సొంత ఇల్లు, సొంత డ్రైవ్‌వే, అయినా ట్రైలర్ కనపడితే చాలు, హెచ్చరిక ఉత్తరం వచ్చేస్తుంది. ఊరి బయట అసోసియేషన్ లేని చోట ఇల్లున్న స్నేహితుడు ఉండబట్టి పని జరిగింది. ఇళ్లు కొనే మనవాళ్లు గ్రానైట్ కౌంటర్లు, స్కూలు రేటింగులు చూస్తారు కానీ, ఇంటి ముందు ఒక యంత్రం విప్పుకునే హక్కుందా లేదా అని ఒక్కరూ చూడరు. ఇంజనీరింగ్ చదివిన మనం చేతికి గ్రీజు అంటుకునే పనంటే పనివాడిని పిలవాలనుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. మొన్న ఒకాయన "ఎందుకండీ మీకీ పని" అన్నారు, అదేదో తప్పు పని అయినట్టు.

మీ విషయానికొస్తే, డ్రైవ్ ఎలాగూ దిగింది కాబట్టి వాటర్ హోస్, నీళ్ల పంపు ఇంపెల్లర్ కూడా మార్చేయండి. తర్వాత ర్యాంప్ దగ్గర బోటు నీళ్లలోకి దించి, ట్రైలర్ పట్టీ విప్పకుండానే అడుగున నీళ్లేమైనా చేరుతున్నాయేమో లైటు వేసి చూడండి. ఇంట్లో నిలిపినప్పుడు డ్రైవ్‌ని పైకెత్తి ఉంచకండి. పూర్తిగా దించి ఉంచితే రబ్బరు మడతపడి బిగదీసుకోకుండా ఉంటుంది.

ఒకవేళ ఇవన్నీ కుదరక షాపుకే ఇస్తే, తీసేసిన పాత సామాన్లన్నీ నాకివ్వాలి అని ముందే రాయించుకోండి. సంచిలో ఆ బొటనవేలంత బెలోస్ కనిపించాకే డబ్బు కట్టండి.