రోజూ షట్‌డౌన్ చేసినా నెమ్మదిగా నడిచే విండోస్ 11: సమాధానం

రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా మీ కంప్యూటర్ నెమ్మదిగా నడవడానికి, భద్రతా అప్‌డేట్ ‘రీస్టార్ట్ కావాలి’ అన్న దగ్గరే ఆగిపోవడానికి కారణం బహుశా ఫాస్ట్ స్టార్టప్ (కంప్యూటర్ త్వరగా ఆన్ అయ్యేలా చేసే విండోస్ సదుపాయం). ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌తో మీ ప్రోగ్రామ్‌లు మూతపడతాయి గానీ, విండోస్ కెర్నెల్ (దాని కేంద్ర భాగం), డ్రైవర్ల (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) స్థితి డిస్కులో భద్రమై, మర్నాడు అదే తిరిగి లోడవుతుంది.

1. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ తెరిచి ‘అప్ టైమ్’ చూడండి. మొదటి అంకె రోజులను సూచిస్తుంది. నిన్ననే షట్‌డౌన్ చేసినా అక్కడ 5, 10 వంటి అంకె కనిపిస్తే కారణం ఇదే.

2. స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ ఎంచుకోండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనితో సమానమనుకుని చాలామంది ఈ అడుగును వదిలేస్తారు. రీస్టార్ట్‌కు ఫాస్ట్ స్టార్టప్ వర్తించదు కనుక, విండోస్ మొదటి నుంచి లోడయ్యేది, వాడుకలో ఉన్న ఫైళ్లను అప్‌డేట్ మార్చగలిగేది అప్పుడే. దయచేసి వారానికి ఒకసారైనా ఇలా చేయండి.

3. తరువాత సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, మిగిలినవి ఉన్నాయేమో చూడండి.

4. మీ కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్కు కన్నా వేగంగా పనిచేసే డ్రైవ్) ఉంటే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, పవర్ బటన్ల అమరిక దగ్గర ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయవచ్చు. కంప్యూటర్ ఆన్ అవడానికి పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు.