లివర్‌కి వెళ్లే ధమనిని మూసేస్తే లివర్ చచ్చిపోదా?

శ్రీకాకుళం నుంచి అడిగారు కదా, నాన్నగారి లివర్‌లో కేన్సర్ గడ్డ ఉంది, విశాఖలో డాక్టర్లు రక్తనాళం మూస్తామంటున్నారు, భయంగా ఉందని. మీ టెన్షన్ అర్థమైంది.

వంశధార కాలువ, చెరువు రెండూ పారే మడిని ఊహించుకోండి. లివర్‌కీ అంతే, సుమారు 75 శాతం రక్తం పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిర నుంచి, మిగతాది హెపాటిక్ ధమని నుంచి వస్తుంది, కానీ గడ్డ మాత్రం ఎక్కువగా ధమని మీదే బతుకుతుంది. అందుకే ఆ ధమని కొమ్మను మూస్తే గడ్డ ఎండుతుంది, లివర్ నిలబడుతుంది. పోర్టల్ సిర ముందే పూడుకుపోయి ఉంటే మాత్రం ప్రమాదం, ఇది తప్పక అడగండి.

గజ్జల్లోనో మణికట్టు దగ్గరో మత్తు సూది ఇచ్చి, సన్నటి గొట్టాన్ని ధమనిలోంచి ఎక్స్‌రే తెరమీద చూస్తూ లివర్ దాకా తీసుకెళ్తారు. దాని లోపలి నుంచి 1 మిల్లీమీటరు కన్నా సన్నని ఇంకో గొట్టాన్ని గడ్డకు వెళ్లే కొమ్మలోకి పంపి, డాక్సోరుబిసిన్ లాంటి కేన్సర్ మందును లిపియోడాల్ నూనెలో కలిపి వదిలి, జెలటిన్ ముక్కలతో దారి మూస్తారు. దీన్నే టేస్ (TACE) అంటారు. జెలటిన్ కొన్ని వారాల్లో కరిగిపోతుంది, అందుకే మళ్లీ చేయాల్సి రావచ్చు.

తర్వాత కొన్ని రోజులు జ్వరం, కడుపునొప్పి, వాంతులు మామూలే.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపైతే ముందే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి, ఎక్స్‌రేలో కనబడడానికి ఎక్కించే డై కిడ్నీలకు భారం.